ఔషధ వరికి గుర్తింపు సరే... కాపాడిన రైతుకు వాటా ఏదీ?

మందిర్ హసౌద్ (రాయ్‌పూర్): విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు పోయే రైలు మార్గంలో, గమ్యం దగ్గరపడుతుండగా తగిలే చిన్న స్టేషను మందిర్ హసౌద్. ఒక పక్క ఛత్తీస్‌గఢ్ కొత్త రాజధాని నవా రాయ్‌పూర్ విస్తరిస్తుండగా, మరో పక్క ఇంకా వరి పొలాలే కనిపిస్తాయి. ఉత్తరాది వారు 'ధాన్ కా కటోరా' అని పిలుచుకునే ధాన్యపు గిన్నెలో ఈ ప్రాంతం ఒక భాగం. రాయ్‌పూర్ నుంచి ఇటు వచ్చే దారిలోనే, నగర శివార్లలోని కృషక్ నగర్‌లో ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి శీతల గదుల్లో 23 వేలకు పైగా వరి విత్తన నమూనాలు భద్రంగా ఉన్నాయి. ఆ గదులు దాటి పొలాల్లోకి వస్తే మాత్రం కనిపించేవి వేళ్ల మీద లెక్కపెట్టదగిన రకాలే.

ఈ రెండింటి మధ్య ఉన్న దూరం కొన్ని కిలోమీటర్లే అయినా, మన దేశపు మొక్కల నుంచి కొత్త మందులు పుట్టించాలన్న ఆశయానికి ఎదురవుతున్న అసలు చిక్కు ఆ దూరంలోనే ఉంది. విత్తనం గిడ్డంగిలో ఉంది. దాని గుణం తెలిసిన వారు పల్లెలో ఉన్నారు. పరీక్షించగల పరికరాలు ప్రయోగశాలలో ఉన్నాయి. ఈ మూడింటినీ కలిపే ఆర్థిక సూత్రం మాత్రం ఇంకా కుదరలేదు.

గాదె నుంచి ప్రయోగశాలకు

ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో వరిని ఆహారంగానే గాక మందుగానూ వాడే ఆనవాయితీ తరతరాలుగా వస్తున్నది. కీళ్లవాతంతో బాధపడేవారికి గఠువన్ అనే రకం బియ్యాన్ని వండి పెడతారు. ఈ ప్రాంతంలో కీళ్లవాతాన్ని 'గఠియా వాత్' అంటారు. పుట్టబోయే బిడ్డకు చర్మవ్యాధి సోకకుండా గర్భిణులకు పెట్టేది లాయిచా. ప్రసవానంతరం నీరసించిన తల్లికి మహారాజీ బియ్యంతో పథ్యం పెడతారు. పసిపిల్లల ఒంటిపై వచ్చే సెగగడ్డలకు ఆల్చా మంచిదని చెబుతారు. ఇవేవీ వైద్య గ్రంథాలలోకి ఎక్కిన ప్రయోగాలు కావు. అత్త కోడలికి, తల్లి కూతురికి చెప్పగా నిలిచిన జ్ఞానం ఇది.

ఈ వాడుకను ఆధారంగా తీసుకొని విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రంతో కలిసి పరిశోధన చేపట్టారు. గఠువన్, మహారాజీ, లాయిచా రకాల గింజల నుంచి తీసిన సారం ఊపిరితిత్తుల, రొమ్ము క్యాన్సర్ కణాల పెరుగుదలను అడ్డుకుంటున్నదని, ఆరోగ్యవంతమైన కణాలకు హాని చేయడం లేదని 2018లో వెల్లడించారు. మూడింటిలో లాయిచా ఎక్కువ ప్రభావం చూపినట్లు తేలింది. ఆ తరువాత ఉభయ సంస్థల కృషి ఫలితంగానే రోగనిరోధక శక్తికి తోడ్పడుతుందంటూ 'సంజీవని' పేరుతో ఒక వరి రకం కూడా వెలుగులోకి వచ్చింది.

వరి గింజలో మందు ఉన్నదనడం వైద్య శాస్త్రానికి కొత్త విషయం కాదు. 19వ శతాబ్ది చివరలో జావా దీవిలో పనిచేసిన డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్మాన్, మరపట్టిన తెల్లబియ్యం తిన్న కోళ్లకు బెరిబెరి వంటి వ్యాధి రావడం, తవుడుతో కూడిన బియ్యం పెడితే అవి కోలుకోవడం గమనించారు. ఆ పరిశీలనే బి-1 విటమిన్ ఆవిష్కరణకు దారితీసింది. 1926లో తవుడు నుంచే ఆ విటమిన్‌ను స్ఫటికాల రూపంలో వేరు చేయగలిగారు. ఐక్మాన్‌కు 1929లో నోబెల్ బహుమతి లభించింది. మిల్లులు పనికిరాదని వేరు చేసిన తవుడులోనే ప్రాణాధారమైన పదార్థం ఉన్నదని ప్రపంచానికి అప్పుడు తెలిసింది.

గాజు పాత్రలో ఫలితం మందు కాదు

అయితే 2018 నాటి ప్రకటనను ఉన్నదానికంటె ఎక్కువగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. ఆ ప్రయోగాలు గాజు పాత్రలో పెంచిన కణాలపై జరిగినవి. రోగులపై జరిగినవి కావు. కణాలపై పనిచేసిన సారంలో అసలు పనిచేసిన పదార్థమేదో వేరు చేయాలి. అది జీర్ణాశయంలో నిలుస్తుందా, రక్తంలో కలుస్తుందా, ఎంత మోతాదులో పనిచేస్తుంది, ఎంత మించితే విషమవుతుంది అన్నది జంతువులపై పరీక్షించాలి. అటుపై మనుషులపై మూడు దశల పరీక్షలు జరగాలి. మొదటి దశలో భద్రతను, రెండవ దశలో ప్రభావాన్ని, మూడవ దశలో పెద్దసంఖ్యలో రోగులపై అప్పటికే ఉన్న మందుతో పోల్చి చూస్తారు. ఇందుకు ఏళ్లు పడతాయి. కణాల స్థాయిలో ఆశ కలిగించిన పదార్థాలలో అత్యధిక భాగం చివరి దశకు చేరవు.

కనుక గఠువన్ అన్నం తింటే క్యాన్సర్ నయమవుతుందని ఎవరైనా చెబితే నమ్మరాదు. క్యాన్సర్ నయం చేస్తామంటూ ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి ఔషధాలు, అద్భుత చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధించింది కూడా. నవారా, నల్లబియ్యం వంటి దేశవాళీ రకాలు ఇటీవలి కాలంలో హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం విపణులలో హెచ్చు ధరలకు అమ్ముడుపోతున్నాయి. కొందరు వర్తకులు వాటికి లేనిపోని వైద్య మహిమలు అంటగడుతున్నారు. మంచి ఆహారంగా వాటిని తినడం వేరు, వైద్యుడు రాసిన మందు మానివేసి వాటిని తినడం వేరు. రాజేంద్రనగర్‌లో రూపొందిన తెలంగాణ సోనాను జనం 'షుగర్ లేని బియ్యం' అని పిలుచుకోవడం ఇటువంటిదే. రక్తంలో చక్కెరను పెంచే వేగం దానిలో తక్కువన్నదే శాస్త్రం చెప్పిన మాట. చక్కెర అసలే లేదని కాదు.

అలాగని సంప్రదాయ జ్ఞానాన్ని కొట్టిపారేయడమూ తగదు. చైనా శాస్త్రవేత్త తూ యూయూ 1970ల తొలినాళ్లలో మలేరియాకు మందు వెతుకుతూ, నాల్గవ శతాబ్దికి చెందిన ఒక వైద్య గ్రంథాన్ని తిరగవేశారు. ఆకును చన్నీటిలో నానబెట్టి పిండి తాగమని అందులో ఉంది. అప్పటి దాకా ఆమె బృందం దానిని మరిగిస్తూ వచ్చింది. వేడికి మందు గుణం నశిస్తున్నదని గ్రహించి తక్కువ ఉష్ణోగ్రతలో సారం తీయగా ఆర్టెమిసినిన్ చేతికి చిక్కింది. ఈ కృషికి ఆమెకు 2015లో నోబెల్ బహుమతి దక్కింది. ప్రాచీనులు మొక్క పేరు మాత్రమే గాక దానిని వాడే పద్ధతిని కూడా చెప్పారన్నది ఇక్కడ గ్రహించవలసిన పాఠం.

ఈ పాఠం ఔషధ వరికి అక్షరాలా వర్తిస్తుంది. గఠువన్‌ను పల్లెలో దంపుడు బియ్యంగా తిన్నారా, గంజి కాచి తాగారా, ఛత్తీస్‌గఢ్‌లో 'బాసీ' అనే చద్దన్నంగా తిన్నారా, ఎన్నాళ్లు తిన్నారు అనే వివరాలు లేకుండా వట్టి గింజను ప్రయోగశాలకు తీసుకుపోతే సగం జ్ఞానమే చేరినట్లు. తవుడు పోయేలా తెల్లగా మరపట్టిన గఠువన్‌లో మన పూర్వులు చూసిన గుణం మిగిలి ఉండకపోవచ్చు. ఒకే పేరుతో వేర్వేరు ఊళ్లలో వేర్వేరు విత్తనాలు ఉండడం మరో చిక్కు. పేరును బట్టి గాక డీఎన్ఏ పరీక్షను బట్టి విత్తనాన్ని నిర్ధారించనిదే ప్రయోగ ఫలితాలకు విలువ ఉండదు.

ఒక శాస్త్రవేత్త కూడబెట్టిన సంపద

రాయ్‌పూర్‌లోని విత్తన సంపదకు మూలపురుషుడు డాక్టర్ రాధేలాల్ హరేలాల్ రిఛారియా. కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థకు డైరెక్టర్‌గా పనిచేసిన ఆయన, విదేశీ పొట్టి వంగడాలను తొందరపడి దిగుమతి చేసుకుంటే వాటితోపాటు చీడపీడలు వస్తాయని హెచ్చరించి పదవి పోగొట్టుకున్నారు. ఆ తరువాత 1970లలో రాయ్‌పూర్ కేంద్రంగా నాటి మధ్యప్రదేశ్ వరి పరిశోధన సంస్థను నడిపారు. ఊరూరా తిరిగి 17 వేలకు పైగా వరి నమూనాలను సేకరించారు. ఏ రకం ఏ నేలకు సరిపోతుందో, ఎంత కాలంలో కోతకు వస్తుందో, దానికి సువాసన ఉన్నదో లేదో రైతులను అడిగి నమోదు చేశారు. ఆ సంస్థ ఎంతోకాలం నిలవలేదు. రిఛారియా 1996లో కన్నుమూశారు. ఆయన సేకరణ మాత్రం 1987లో ఏర్పడిన కృషి విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది.

ఈ సంపద 2002లో జాతీయ వివాదంగా మారింది. స్విట్జర్లాండుకు చెందిన విత్తన సంస్థ సింజెంటాతో విశ్వవిద్యాలయం ఒప్పందానికి సిద్ధపడుతున్న సంగతి పత్రికల ద్వారా బయటపడింది. రైతులు తమ పొలాల నుంచి ఉచితంగా ఇచ్చిన విత్తనాలను ఒక విదేశీ సంస్థకు అందుబాటులో ఉంచడం ఏమిటని రాయ్‌పూర్‌లో రైతు సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు ఆందోళనకు దిగాయి. చివరకు 2002 డిసెంబరులో సింజెంటా వెనక్కు తగ్గింది. సరిగ్గా అదే నెలలో పార్లమెంటు జీవ వైవిధ్య బిల్లును ఆమోదించడం గమనార్హం.

అంతకు కొన్నేళ్ల ముందే పసుపు వ్యవహారం దేశానికి కళ్లు తెరిపించింది. గాయాలు మానడానికి పసుపు వాడకంపై మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి అమెరికా 1995లో పేటెంటు ఇచ్చింది. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి ప్రాచీన గ్రంథాల సాక్ష్యంతో సవాలు చేయగా 1997లో అది రద్దయింది. ఈ అనుభవంతోనే సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం 2001లో మొదలైంది. ఆయుర్వేద, యునాని, సిద్ధ గ్రంథాలలోని ప్రయోగాలను విదేశీ పేటెంటు కార్యాలయాలు సులభంగా చూసుకునేలా అందులో పొందుపరిచారు. కాని ఆ గ్రంథాలయంలో ఉన్నది ప్రధానంగా పుస్తకాల్లో ఉన్న జ్ఞానం. పల్లె తల్లుల నోట ఉన్న గఠువన్, లాయిచా వంటి వాటికి అక్కడ చోటు దొరకడం కష్టం.

చట్టం ఏమంటోంది?

2002 నాటి జీవ వైవిధ్య చట్టం ప్రకారం చెన్నైలో జాతీయ జీవ వైవిధ్య ప్రాధికార సంస్థ, రాష్ట్రాలలో బోర్డులు, గ్రామాలలో జీవ వైవిధ్య యాజమాన్య కమిటీలు ఏర్పడ్డాయి. విదేశీయులు మన జీవ వనరులు తీసుకోవాలన్నా, వాటి ఆధారంగా ఎవరైనా పేటెంటు కోరాలన్నా ప్రాధికార సంస్థను ఆశ్రయించవలసిందే. వచ్చిన లాభంలో వనరును కాపాడిన వారికి వాటా ఇవ్వాలి. ఈ బాధ్యత విదేశీ సంస్థలకే గాక భారతీయ సంస్థలకూ ఉంటుందని దివ్య ఫార్మసీ కేసులో ఉత్తరాఖండ్ హైకోర్టు 2018 డిసెంబరులో తీర్పు చెప్పింది. గ్రామస్థాయిలో ప్రజా జీవ వైవిధ్య రిజిస్టర్లు తయారు చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ గట్టిగా ఆదేశించిన తరువాత దేశంలో రెండు లక్షలకు పైగా రిజిస్టర్లు సిద్ధమయ్యాయి. వాటిలో చాలా వరకు గడువు కోసం నింపినవేనన్న విమర్శ ఉంది.

వాటా పంపకానికి మన దేశంలో తొలి ఉదాహరణ కేరళలో కనిపిస్తుంది. అగస్త్య పర్వతాలలోని కాణి గిరిజనులు అలసట తెలియకుండా తినే 'ఆరోగ్యపచ్చ' మొక్క పండ్లను 1987లో తిరువనంతపురం జిల్లా పాలోడ్‌లోని ఉష్ణమండల వృక్ష పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు గమనించారు. దాని నుంచి 'జీవని' అనే మందు రూపొందించి 1995లో కోయంబత్తూరు ఆర్యవైద్య ఫార్మసీకి 10 లక్షల రూపాయల రుసుముకు, అమ్మకాలపై 2 శాతం రాయల్టీకి ఇచ్చారు. వచ్చిన దానిలో సగం కాణీల ట్రస్టుకు చేరేలా ఏర్పాటు చేశారు. చట్టం ఇంకా రాకముందే జరిగిన ఈ ఏర్పాటు ప్రపంచ దృష్టిని ఆకర్షించింది.

తెలుగు నేలపై ఇటువంటి ఉదాహరణ అమరచింత. ఉమ్మడి రాష్ట్రం నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఆ గ్రామం నుంచి సేకరించిన 2,000 కిలోల వేపాకును హైదరాబాదుకు చెందిన బయో ఇండియా బయోలాజికల్స్ సంస్థ జపానుకు ఎగుమతి చేసింది. అందుకు ప్రాధికార సంస్థకు సుమారు 55 వేల రూపాయల రాయల్టీ చెల్లించింది. అందులో భాగం గ్రామ కమిటీకి చేరగా వేప మొక్కలు నాటడానికి, జీవ వైవిధ్యంపై అవగాహన కల్పించడానికి వినియోగించారు. మొత్తం చిన్నదే కావచ్చు. వేపాకుకూ ఒక యజమాని ఉంటాడని, ఆ యజమాని గ్రామమని అది నిరూపించింది. ఎర్రచందనం విషయంలోనైతే వాటా కింద కోట్ల రూపాయలు ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖకు, ఆ చెట్లు పెంచిన రైతులకు విడుదలయ్యాయి.

ఇదిలా ఉండగా 2023లో చట్టాన్ని సవరించారు. గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానానికి, సాగు చేసిన ఔషధ మొక్కలకు, ఆయుష్ వైద్యులకు లాభాల పంపకం నుంచి మినహాయింపులు ఇచ్చారు. పరిశోధనకు, పరిశ్రమకు ఉన్న చిక్కులు తొలగించడమే లక్ష్యమని ప్రభుత్వం చెప్పింది. జ్ఞానాన్ని కాపాడిన వారికి అందవలసిన వాటా దీనివల్ల కుంచించుకుపోతుందని పర్యావరణవాదులు వాదించారు. ఔషధ వరి పరిస్థితి ఇక్కడ విచిత్రమైనది. దాని జ్ఞానం గ్రంథాలలో లేదు, నోటిమాటగా ఉంది. అయితే పంట మాత్రం అడవిలో మొలిచినది కాదు, రైతు సాగు చేసినది. రేపు దాని నుంచి మందు తయారైతే మినహాయింపు వర్తిస్తుందా, రైతుకు వాటా వస్తుందా అన్నది ముందుగానే తేల్చుకోవలసిన ప్రశ్న.

అంతర్జాతీయ స్థాయిలో మాత్రం గాలి కొంత అనుకూలంగా వీస్తున్నది. జన్యు వనరుల ఆధారంగా పేటెంటు కోరేవారు ఆ వనరు ఏ దేశానిదో, జ్ఞానం ఏ సమాజానిదో వెల్లడించాలనే ఒప్పందాన్ని 2024 మే నెలలో ప్రపంచ మేధో సంపత్తి సంస్థ సభ్య దేశాలు ఆమోదించాయి. ఎవరిదో చెప్పాలంటే ముందుగా మన వద్ద నమోదై ఉండాలి కదా!

మార్టేరు వరి వచ్చింది, గఠువన్ పోయింది

చట్టం సంగతి అలా ఉంచితే, పొలంలో రైతు లెక్క వేరు. మందిర్ హసౌద్ చుట్టుపక్కలనే గాక ఛత్తీస్‌గఢ్ మైదానమంతటా విస్తారంగా సాగైన స్వర్ణ రకం మన పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టినది. ఎంటీయూ 7029 అనే ఈ వంగడాన్ని 1982లో విడుదల చేశారు. 2000లో విడుదలైన మరో మార్టేరు రకం ఎంటీయూ 1010, అంటే మన కాటన్‌దొర సన్నాలు, ఇక్కడి రైతులకు ఇంటి పేరంత పరిచయం. తక్కువ ఎరువుతో ఎక్కువ గింజ ఇచ్చే స్వర్ణ, త్వరగా కోతకు వచ్చే 1010 లక్షల కుటుంబాల కడుపు నింపాయి. ఇది తెలుగు శాస్త్రవేత్తలు గర్వించదగిన విజయం. అదే సమయంలో పొడుగ్గా పెరిగి, ఎరువు ఎక్కువైతే పడిపోయి, దిగుబడి తక్కువగా ఇచ్చే గఠువన్, లాయిచా వంటి స్థానిక రకాలను ఈ విజయమే పొలం గట్టు దాటించింది. ఎవరూ కుట్ర చేయలేదు. రైతు తన లెక్క తాను చూసుకున్నాడు.

ఆ లెక్కను ప్రభుత్వ ధర మరింత స్థిరపరిచింది. 2023-24 సీజను నుంచి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం క్వింటాలు ధాన్యానికి 3,100 రూపాయల చొప్పున, ఎకరాకు 21 క్వింటాళ్ల వరకు రైతుకు దక్కేలా చేసింది. కొనుగోలు కేంద్రంలో తూకం ముఖ్యం గాని రకం కాదు. కేంద్రం ప్రకటించే మద్దతు ధరలో ఉన్నవి సాధారణ రకం, గ్రేడ్-ఎ అనే రెండు తరగతులే. ఔషధ గుణానికి అందులో గడి లేదు. ఉదాహరణకు ఒక రైతు ఎకరాలో ఆధునిక రకం వేసి 20 క్వింటాళ్లు, స్థానిక రకం వేసి 12 క్వింటాళ్లు పండించాడనుకుందాం. మొదటిదానికి 62,000 రూపాయలు, రెండవదానికి 37,200 రూపాయలు వస్తాయి. అంటే పూర్వుల విత్తనాన్ని నిలబెట్టినందుకు ఆ రైతు ఎకరాకు 24,800 రూపాయలు తన జేబు నుంచి చెల్లించుకున్నట్లే. దేశం కోసం ఒక జన్యు సంపదను కాపాడే ఖర్చును చిన్న రైతు నెత్తిన వేయడం న్యాయం కాదు.

శీతల గదిలో విత్తనం ఉంది కదా, పొలంలో ఎందుకు అన్న వాదన వినిపించవచ్చు. గదిలోని విత్తనం ఆగిపోయిన గడియారం వంటిది. కొత్త తెగుళ్లకు, మారుతున్న వానలకు తగినట్లు మారే అవకాశం పొలంలోని పంటకే ఉంటుంది. అంతకంటె ముఖ్యంగా, పంట పోతే దాని వాడుక పోతుంది. లాయిచాను ఏ నెలలో గర్భిణికి పెట్టాలో చెప్పగల పెద్దలు ఒక్కొక్కరే కనుమరుగవుతుంటే, గిడ్డంగిలో మిగిలేది సంఖ్య వేసిన ఒక పొట్లం మాత్రమే.

సర్పగంధ చెప్పిన గుణపాఠం

మందుగా గుర్తింపు రావడమే మొక్కకు రక్ష అనుకోవడానికీ వీలులేదు. ఛత్తీస్‌గఢ్ అడవులలోనూ పెరిగే సర్పగంధ ఇందుకు నిదర్శనం. 1931లో ఢిల్లీలోని టిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దిఖీ దాని వేరు నుంచి క్రియాశీల పదార్థాలను వేరు చేశారు. రక్తపోటుపై దాని ప్రభావాన్ని ముంబయి వైద్యుడు రుస్తం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రచురించారు. 1952లో స్విట్జర్లాండుకు చెందిన సిబా సంస్థ శాస్త్రవేత్తలు రిసర్పిన్‌ను వేరు చేశారు. ప్రపంచ వైద్యంలో అధిక రక్తపోటుకు లభించిన తొలి సమర్థమైన మందులలో అది ఒకటి. దానితోపాటు వేరుకు గిరాకీ పెరిగింది. వేరు తవ్వితే మొక్క చస్తుంది. అడవులు ఖాళీ అవుతూ వచ్చాయి. చివరకు అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలోకి సర్పగంధను చేర్చవలసి వచ్చింది. వేరు తవ్విన గిరిజనుడికి కూలి దక్కిందే గాని జ్ఞానానికి ప్రతిఫలం దక్కలేదు.

వరి విషయంలో ఈ ప్రమాదం లేకపోవడం అదృష్టం. గిరాకీ పెరిగితే వరి అంతరించదు, సాగు పెరుగుతుంది. కాబట్టి సరైన ధర కట్టగలిగితే పరిశోధన, పరిరక్షణ ఒకే దారిలో నడిచే అరుదైన అవకాశం ఇక్కడ ఉంది. 2001లోనే తనను 'హెర్బల్ రాష్ట్రం'గా ప్రకటించుకున్న ఛత్తీస్‌గఢ్ ఈ అవకాశాన్ని జారవిడుచుకోరాదు.

చేయవలసినవి

మొదటిది నమోదు. గ్రామ కమిటీల రిజిస్టర్లలో వరి రకం పేరుతోపాటు వాడే విధానం, మోతాదు, చెప్పినవారి సమ్మతి ఉండాలి. ఈ నమోదును పేటెంటు కార్యాలయాలు చూడగల వీలుండాలి. సంప్రదాయ జ్ఞానంపై పేటెంటు ఇవ్వరాదని భారత పేటెంట్ల చట్టంలోని సెక్షన్ 3(పి) చెబుతున్నది. నోటిమాటగా ఉన్నదానిని ఆ సెక్షన్ కాపాడాలంటే అది ముందుగా కాగితంపైకి రావాలి.

రెండవది ఒప్పందం. పరిశోధన ఫలించిన తరువాత వాటాల గురించి కూర్చోవడం కంటె, జంతువులపై పరీక్షలు మొదలయ్యే ముందే రైతు సమాజాల వాటాను రాతపూర్వకంగా నిర్ణయించడం మేలు. కాణీల విషయంలో ఒక చిన్న ప్రభుత్వ సంస్థ చేయగలిగినదాన్ని పెద్ద విశ్వవిద్యాలయాలు చేయలేకపోవడానికి కారణం కనిపించదు.

మూడవది ధర. స్థానిక రకం వేసిన రైతుకు దిగుబడి తేడాను భర్తీ చేసే ప్రోత్సాహకం ఇవ్వాలి. పరిశోధనకు కావలసిన శుద్ధ విత్తనాన్ని ఒప్పంద సేద్యం ద్వారా ఆ రైతుల నుంచే కొనాలి. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కింద విత్తనాన్ని కాపాడిన సమాజాలకు 10 లక్షల రూపాయల పురస్కారం ఉంది. పురస్కారం కొద్దిమందికే అందుతుంది, ధర అయితే అందరికీ అందుతుంది. భౌగోళిక గుర్తింపు మరో మార్గం. ఛత్తీస్‌గఢ్‌లోనే సర్గుజా జీరాఫూల్‌కు 2019లో, ధమ్‌తరీ జిల్లా నగరీ దూబరాజ్‌కు 2023లో ఆ గుర్తింపు వచ్చింది. కేరళ నవారాకు అంతకు ముందే ఉంది. సువాసనకు గుర్తింపు వచ్చినప్పుడు గఠువన్, లాయిచాలకు కూడా అది రాకూడదని లేదు.

తెలుగు రాష్ట్రాలకూ ఇందులో పాఠం ఉంది. నల్లమల చెంచుల, మన్యం కొండరెడ్ల, కోయల ఎరుకలో ఉన్న మొక్కలు, మన పల్లెల్లో ఒకటీ అరా మిగిలిన పాత వడ్లు ఇదే స్థితిలో ఉన్నాయి. అమరచింత వంటి ఉదాహరణ మన ముందుండగా, ఊరూరా ఉన్న జీవ వైవిధ్య కమిటీలను బోర్డుపై పేరుకే పరిమితం చేయడం తగదు. మార్టేరు విత్తనం ఛత్తీస్‌గఢ్ పొలాలను నింపినట్లే, ఛత్తీస్‌గఢ్ అనుభవం మన విధానాలను సరిదిద్దడానికి ఉపయోగపడాలి.

కృషక్ నగర్‌లోని ఆ నమూనాలు ఎన్నటికీ చెడవని అనుకోవడం పొరపాటు. ఎంత చల్లని గదిలో ఉంచినా విత్తనానికి మొలకెత్తే శక్తి క్రమంగా తగ్గుతుంది. కొన్నేళ్లకొకసారి బయటకు తీసి, నారు పోసి, నాటి, కోసి కొత్త గింజను తిరిగి గదికి చేర్చవలసిందే. అంటే రిఛారియా కూడబెట్టిన ఆ ఖజానా సైతం చివరకు ఒక మడిపైన, దానిని సాగు చేసే చేతులపైన ఆధారపడినదే. ఆ చేతులకు గిట్టుబాటు కల్పించిన నాడే ఈ వరి నుంచి ఒక మందు పుడుతుందన్న ఆశకు పునాది పడుతుంది.